ఓడలో బడీ చౌడీ

మా నాన్నకి ఓడ చూపిద్దామని తీసుకెళ్తే, ఆయన అక్కడ కూడా బజారే చూశాడు. ఇది రాస్తున్నది అందుకే. లేకపోతే క్రూయిజ్ షిప్‌లో ఏముంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, రీల్స్ నిండా అవే కదా.

ముందు నాన్న గురించి రెండు ముక్కలు. కోఠి బడీ చౌడీలో మాకు మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీర ఫాల్స్, లైనింగ్ బట్ట, లేసులు, బ్లౌజ్ పీసులు. ఏడడుగుల వెడల్పు దుకాణం. చీర తెచ్చి గల్లా ముందు పెడితే చాలు, రెండో మాట లేకుండా అరల్లోంచి సరిగ్గా ఆ రంగు బట్ట తీసి పరుస్తాడు. ముప్ఫై నాలుగేళ్లుగా ఇదే పని. ఇంట్లో పెళ్లిళ్లకి, లాక్‌డౌన్‌కి తప్ప షట్టర్ వరసగా మూడ్రోజులు దించింది లేదు.

2025 మొదట్లో ఓనర్ కబురు పెట్టాడు. పక్క రెండు దుకాణాలతో కలిపి పెద్ద షోరూంకి ఇద్దామనుకుంటున్నాడట. ఖాళీ చేస్తే ఇంత ఇస్తా, ఉంటానంటే కిరాయి పెంచి మూడేళ్లకి రాసుకుందాం, ఉగాది అయ్యాక మాట చెప్పండి అన్నాడు. డబ్బు తీసుకోమని నేను. ఆయనకి అరవై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు, ఆన్‌లైన్ వచ్చాక గిరాకీ సగానికి పడింది. ఇంకా ఎందుకు? "మరి వాడెక్కడికి పోతడురా?" అని ఆయన. వాడంటే ఇరవై రెండేళ్లుగా మా దుకాణంలో పనిచేస్తున్న అన్న. రెండు వారాలు ఇంట్లో ఇదే గొడవ. చివరికి అమ్మ "ఉగాది లోపల ఎటన్న పోయొద్దాం, అక్కడ కొట్లాడుకోండి" అంది. నాకు అదే కావాలి. నాలుగు రోజులు గల్లా ముందు కూర్చోకపోతే ప్రపంచం మునిగిపోదని ఆయనకి తెలియాలి. మునిగిపోని ఓడ ఎక్కిస్తే సరి అనుకున్నా.

మన దగ్గర ఓడలు లేక కాదు. 2022 జూన్‌లో కార్డీలియా వాళ్ల 'ఎంప్రెస్' చెన్నై నుంచి విశాఖకి వచ్చింది. 2023 సెప్టెంబర్‌లో విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభించారు. 1948లో నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' నీళ్లలోకి దిగింది కూడా ఆ ఊళ్లోనే. కానీ ఎంప్రెస్ 1990 నాటి ఓడ, ఇప్పటి లెక్కల్లో చిన్నది. నాకు పెద్దది కావాలి. అందుకని హైదరాబాద్ నుంచి సింగపూర్ ఫ్లైట్, అక్కడ మరీనా బే క్రూయిజ్ సెంటర్‌లో రాయల్ కరీబియన్ వాళ్ల 'యాంథమ్ ఆఫ్ ద సీస్'. నాలుగు రాత్రులు, మధ్యలో పెనాంగ్, ఫుకెట్. వీసా ఒక్క సింగపూర్‌కే తీసుకున్నాం. అప్పటికి మలేసియా, థాయ్‌లాండ్ మనవాళ్లకి వీసా లేకుండానే రానిస్తున్నాయి. ఫ్లైట్లూ అవీ కలిపి ముగ్గురికి మూడు లక్షలు దాటింది. నాన్నకి లక్షన్నర అని చెప్పాం.

ఎంత పెద్దదంటే... ఇక్కడ ఒక చిన్న సవరణ. యూట్యూబ్‌లో "లక్షా అరవై ఎనిమిది వేల టన్నుల బరువైన ఓడ" అని ఊదరగొడతారు. అది బరువు కాదు. యాంథమ్ గ్రాస్ టన్నేజ్ 1,68,666. గ్రాస్ టన్నేజ్ అంటే ఓడ లోపలి మొత్తం జాగా ఎంతో చెప్పే కొలత, తూకంతో సంబంధం లేదు. ఇలాంటి జాగా కొలతల్లో టైటానిక్ 46,328, మన ఎంప్రెస్ 48,563. అంటే ఎంప్రెస్ టైటానిక్ కంటే కాస్త పెద్దది, యాంథమ్ టైటానిక్‌కి మూడున్నర రెట్లు పైనే. 2024 జనవరిలో మొదలైన 'ఐకాన్ ఆఫ్ ద సీస్' ఇంకా పెద్దది, 2,48,663. యాంథమ్ పొడవు దాదాపు 348 మీటర్లు. నాంపల్లి స్టేషన్‌లో ఆగిన రైల్లో పదిహేను బోగీల పక్కన నడిచినంత. గదికి ఇద్దరు చొప్పున లెక్కేస్తే 4,180 మంది ప్రయాణికులు, మంచాలన్నీ నింపితే 4,900 దాటుతారు. సిబ్బంది ఇంకో 1,500.

ఇంత పెద్ద ఓడకి చుక్కాని లేదు. కింద రెండు అజిపాడ్‌లు ఉంటాయి. అంటే ఎలక్ట్రిక్ మోటారు, దానికి ప్రొపెల్లర్, రెండూ కలిపి ఒక పెద్ద తొట్టిలా ఓడ అడుగున వేలాడుతూ ఎటు కావాలంటే అటు తిరుగుతాయి. ఒక్కోటి 20.5 మెగావాట్లు. లోపలి డీజిల్ ఇంజన్లు చక్రం తిప్పవు, కరెంటు తయారుచేస్తాయి. ఆ కరెంటుతోనే ఓడ కదిలేదీ, ఏసీ నడిచేదీ, అమ్మ హెయిర్ డ్రయ్యర్ తిరిగేదీ. నేను ఇదంతా ఉత్సాహంగా చెప్తుంటే నాన్న విని, "అయితే కరెంటు పోతే?" అన్నాడు. హైదరాబాదోడి మొదటి ప్రశ్న.

ఎక్కగానే చేయాల్సిన పని ప్రాణరక్షణ డ్రిల్. టైటానిక్ మునిగిన రెండేళ్లకి, 1914లో సోలాస్ అనే అంతర్జాతీయ ఒప్పందం పుట్టింది. ఇప్పటి లైఫ్‌బోట్ల నియమాలు, ఈ డ్రిల్లు అన్నీ ఆ దారిలో వచ్చినవే. ఇదివరకు అందర్నీ ఒకేసారి డెక్ మీద ఎండలో నిలబెట్టేవాళ్లట. ఇప్పుడు ఫోన్‌లో యాప్ తెరిచి వీడియో చూడాలి, తర్వాత మనకిచ్చిన చోటుకి వెళ్లి కార్డు స్కాన్ చేయించుకోవాలి. కొవిడ్ కాలంలో వచ్చిన మార్పు ఇది. అమ్మ మాత్రం లైఫ్ జాకెట్ వీడియో మూడుసార్లు చూసింది, మాతోనూ చూపించింది.

మాది లోపలి గది. కిటికీ లేదు. దాని బదులు 'వర్చువల్ బాల్కనీ'. గోడ మీద నేల నుంచి కప్పు దాకా 80 అంగుళాల స్క్రీన్. ఓడ బయట పెట్టిన కెమెరాల నుంచి సముద్రం లైవ్‌లో వస్తుంది, అలల చప్పుడుతో సహా. స్క్రీన్‌కి అటూ ఇటూ నిజం కర్టెన్లు కూడా. వృత్తిరీత్యా నాకు ముచ్చటేసింది. తెరమీది అల కాళ్ల కింద ఊపుకి ముందో వెనకో వస్తే తల తిరుగుతుంది కదా, అలా తిరగలేదు. అమ్మ తలుపు తీసి చూసి "ఇంత పెద్ద టీవీ ఎందుకు?" అంది. కిటికీ లాంటిదే అమ్మా అంటే, వెళ్లి వేలితో ముట్టుకుని చూసి, కర్టెన్ వేసేసింది. నాలుగు రోజులూ తీయలేదు. రాత్రి నిద్రలేచి చూస్తే గదిలో సముద్రం ఉంటే బాగుండదట.

ఆటల సంగతి త్వరగా చెప్పేస్తాను. నార్త్ స్టార్ అని పొడవాటి ఇనుప చెయ్యికి చివర గాజు గది ఉంటుంది. పద్నాలుగు మందిని ఎక్కించుకుని సముద్రం నుంచి 300 అడుగుల పైకి లేస్తుంది. దాదాపు చార్మినార్ మీద ఇంకో చార్మినార్ నిలబెట్టినంత. అది నాన్న ఎక్కలేదు, అమ్మ రెండుసార్లు ఎక్కింది. రిప్‌కార్డ్ అని నిలువు గాజు గొట్టం, కింద నుంచి గాలి కొడితే మనిషి తేలతాడు. అందులో నేను తేలిన ఒక్క నిమిషం వీడియో మా ఆఫీస్ గ్రూపులో ఇప్పటికీ స్టిక్కర్‌గా తిరుగుతోంది. సర్ఫింగ్ నేర్పే నీళ్ల వాలు, ఇండోర్ కోర్టులో డాషింగ్ కార్లు. మన నుమాయిష్‌లో ఉండేవే అన్నాడు నాన్న. నిజమే, నుమాయిష్‌లో జనవరి ఒకటి నుంచి నలభై ఆరు రోజులు, ఇక్కడ ఏడాది పొడుగునా. బయోనిక్ బార్‌లో రెండు రోబో చేతులు డ్రింకులు కలుపుతాయి. ట్యాబ్‌లో ఆర్డర్ కొట్టాలి. నాన్న చాలాసేపు నిలబడి చూసి, "చిల్లర అడగదు, చెయ్యి తడపమనదు, మంచిగనే ఉంది" అన్నాడు. కానీ దాని చుట్టూ మూగిన జనం వీడియో తీసుకుని పోతున్నారు, తర్వాత మనిషి ఉన్న బార్‌కే వెళ్తున్నారు. అదీ ఆయనే గమనించాడు.

రెండో రోజు నుంచి ఆయనకి పని దొరికింది. ఓడ నడిమధ్య రెండు అంతస్తుల వీధి ఉంటుంది, ఎస్ప్లనేడ్ అంటారు. వాచీలు, బంగారం, సెంట్లు, సావనీర్లు. పొద్దున టిఫిన్ అవగానే ఆయన అక్కడ ఒక సోఫాలో సెటిలయ్యాడు. నేను పైన నీళ్లలో ఆడి వచ్చేసరికి మొత్తం బజారు లెక్క తేల్చి పెట్టాడు.

"భోజనం చేసినంక నాటకం చూడాల్నంటే ఎట్ల పోవాలె? కింద నుంచి పోతే జూదం, పైనుంచి పోతే దుకాణాలు. మూడో తొవ్వ ఉన్నదా?" లేదని కాదు, లిఫ్టులో పైకెళ్లి చుట్టూ తిరిగి రావచ్చు. ఎవరూ రారు. సాయంత్రం నడవలో బల్లలు వేసి వాచీలు, బ్యాగులు తగ్గింపు ధరకి కుప్పపోశారు. "అగో, మన సుల్తాన్ బజార్ ఫుట్‌పాత్. లోపల ఖరీదైన మాల్ పెట్టి, బయట సస్తా మాల్ పోస్తరు. సస్తా కోసం వంగినోడు తలెత్తితే ఎదురుంగ అద్దాల్ల బంగారం." నేను ప్రోడక్ట్ టీమ్‌లో పనిచేస్తాను. దీన్నే మేం 'ఫన్నెల్' అని ముప్ఫై స్లైడ్లు చేసి మీటింగ్‌లో చూపిస్తాం.

డబ్బు ఎక్కడా కనపడదు. గది తాళం చెవీ, జేబూ, గుర్తింపు కార్డూ అన్నీ ఒకటే ప్లాస్టిక్ కార్డు. తాకిస్తే అయిపోతుంది, చివరి రోజు బిల్లు. నాన్నకి ఇది కొత్త కాదు. మా దుకాణంలో యూపీఐ స్కానర్ పెట్టాక ఆడవాళ్లు బేరం తక్కువ చేస్తున్నారని ఆయన ఎప్పుడో చెప్పాడు. నోటు తీసి ఇచ్చేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, ఆ క్షణంలోనే బేరం పుడుతుందని ఆయన థియరీ. ఓడలో ఆ క్షణం లేదు.

టికెట్టులో ఏముందో, ఏం లేదో కూడా ఆయనకి అర్థమైపోయింది. బఫే, పెద్ద భోజనశాల, షోలు, కొలనులు, చాలా మటుకు ఆటలు టికెట్టులోనే. మందు, వైఫై, స్పా, పేరున్న రెస్టారెంట్లు, ఒడ్డున తిప్పే టూర్లు, వాళ్లు తీసే ఫొటోలు వేరే. మందుకి రోజువారీ ప్యాకేజీ ఉంటుంది. గదిలో ఒక పెద్దమనిషి కొంటే మిగతా పెద్దలూ కొనాలన్నది నియమం, లేకపోతే ఒకడి కార్డు మీద నలుగురు తాగుతారు కదా. నాన్న ఇది విని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. "ఉద్దెర బుక్కుల ఒక్కల పేరు మీద కాలనీ అంతా రాయించుకుంటరు, గా తెలివి నాకు రాలే."

పెనాంగ్‌లో ఓడ ఆగినప్పుడు మేం దిగి జార్జ్ టౌన్ లిటిల్ ఇండియాలో తిరిగి, ఎండకి తట్టుకోలేక తొందరగా వచ్చేశాం. చూస్తే ఎస్ప్లనేడ్ దుకాణాలన్నీ మూసి ఉన్నాయి, క్యాసినో కూడా. ఒడ్డు పక్కనే ఇంత జనం ఉంటే మూసుకుంటారేంటని నాన్న అడిగాడు. ఇవి పన్నులేని సరుకు అమ్మే కొట్లు, రేవులో ఉన్నంతసేపు ఆ దేశపు చట్టం, కస్టమ్స్ వర్తిస్తాయి. ఓడ బయల్దేరి ఆ దేశపు నీళ్లు దాటాకే తెరుస్తారు. అక్కడ ఎవరి చట్టం? ఓడ మీద ఎగిరే జెండాది. యాంథమ్ జర్మనీలో కట్టిన ఓడ, కంపెనీ ఆఫీసు అమెరికాలోని మయామీలో, అప్పుడు నడుస్తున్నది సింగపూర్ నుంచి, రిజిస్ట్రేషన్ మాత్రం బహామాస్‌లో. పెద్ద క్రూయిజ్ ఓడల్లో ఎక్కువ శాతం ఇలా ఏదో చిన్న దేశపు జెండా కిందే తిరుగుతాయి.

నాన్న పకపకా నవ్వాడు. "గిది కోఠే కదరా!"

ఆయన చెప్పిన సంగతి కోఠిలో పుట్టిన నా వయసువాళ్లలో చాలామందికి తెలీదు. కోఠి అంటే బంగళా. ఆ బంగళా ఇప్పటి విమెన్స్ యూనివర్సిటీలో ఉన్న బ్రిటిష్ రెసిడెన్సీ. దాని చుట్టూ పుట్టిన బజారుని రెసిడెన్సీ బజార్ అనేవాళ్లు. ఊరు నిజాందే కానీ ఆ బజారు మీద అధికారం రెసిడెంట్‌ది. నిజాం కోర్టులు అక్కడ చెల్లవు. అందుకే వడ్డీ వ్యాపారులూ, బట్టల సాహుకార్లూ వచ్చి అక్కడ చేరారు. రోడ్డు దాటితే ఒక చట్టం, ఇవతల ఇంకో చట్టం. 1933లో బ్రిటిష్‌వాళ్లు దాన్ని నిజాంకి తిరిగిచ్చాక సుల్తాన్ బజార్ అయింది. "మా తాత చెప్తుండె, పోలీసులు మారితే ఎట్లనో అని షావుకార్లు దడుసుకున్నరట. ఏం కాలే. గిరాకీ ఉంటే జెండా ఏదైతేంది." సముద్రం మీద తేలే పన్నులేని బజారుని చూసి, తొంభై ఏళ్ల కిందటి మా వీధిని గుర్తుపట్టిన మనిషి ఆ ఓడలో ఆయనొక్కడే అయ్యుంటాడు.

అయితే ఆ బజారులో ఆయన్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది సరుకు కాదు, అందులో పనిచేసేవాళ్లు. బఫేలో మా బల్ల దగ్గరికి వచ్చే అబ్బాయి గోవా వాడు. నాన్నకి ఇంగ్లిష్ అంతంతమాత్రం, హైదరాబాదీ హిందీ మాత్రం ధారాళం. "క్యా మియా, ఘర్ కబ్ జాతే?" అని మొదలుపెట్టి మూడు రోజుల్లో ఆ అబ్బాయి జాతకం రాబట్టాడు. ఒప్పందం నెలల లెక్కన, అయిపోతే ఇంటికి, మళ్లీ ఇంకో ఒప్పందం. వారంలో సెలవు ఎప్పుడని అడిగితే "సముద్రంలో సండే ఎక్కడ సార్" అన్నాడట. ఇది ఒక్క ఓడ సంగతి కాదు, ఏ కంపెనీ అయినా పద్ధతి ఇదే. పూటకి పూట మధ్యలో విరామం ఉంటుంది, రోజంతా సెలవు ఉండదు.

నేను వైఫై కొన్నాను కాబట్టి ఆ రాత్రి నియమాలు వెతికాను. ఓడల మీద పనిచేసేవాళ్ల కోసం 2006లో కుదిరి, 2013లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం ఉంది. దాని ప్రకారం ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటల విశ్రాంతి, ఏడు రోజుల్లో కనీసం 77 గంటలు. వారానికి ఉన్నవి 168. తీసేస్తే 91. అంత పని చేయించాలని కాదు, చేయిస్తే విశ్రాంతి నియమం దాటినట్టు కాదు. మన దగ్గర వారానికి 90 గంటల పని అని ఒక పెద్దాయన అన్న మాట మీద మీమ్స్ తిరిగిన రోజులు కూడా అవే. మా ఆఫీసులో అందరం తెగ నవ్వుకున్నాం. ఓడలో ఆ అంకె జోకులా లేదు.

టిప్పుల సంగతి కూడా అడిగాడు. అప్పుడు మనిషికి రోజుకి దాదాపు 18 డాలర్లు గ్రాట్యుటీ పేరుతో బిల్లులో కలిసేది, అది సిబ్బందికి పంచుతారు. సాధారణంగా మనవాళ్లు రిసెప్షన్‌కి వెళ్లి తీయించేసుకుందామని చూస్తారు. నేనూ లెక్కేసి చూశాను, ముగ్గురికి నాలుగు రాత్రులకి 216 డాలర్లు. నాన్న "ముట్టకు" అన్నాడు, అంతే.

చివరి రాత్రి నిజం సముద్రం చూశాం. విచిత్రం ఏంటంటే అంత పెద్ద ఓడలో సముద్రం కోసం వెతుక్కోవాలి. లోపల వీధులు, పైన కొలనులు, వెనక టూ సెవెంటీ అనే హాల్లో గాజు గోడలున్నా రాత్రయితే వాటిమీద బొమ్మలు పడతాయి. లైఫ్‌బోట్లు వేలాడే డెక్ మీదికి వెళ్తే తప్ప నీళ్ల చప్పుడు వినపడదు. అక్కడ జనం లేరు. మలక్కా జలసంధిలో దూరంగా సరుకు ఓడల దీపాలు వరసగా, ట్రాఫిక్‌లో ఆగిన బండ్లలా. అమ్మ రెయిలింగ్ పట్టుకుని గంటసేపు నిలబడింది. ఏమీ అనలేదు, ఫొటో కూడా వద్దంది. నాన్న కుర్చీలో కూర్చుని మోకాళ్లు నొక్కుకుంటూ, "మూడేండ్లకి రాసుకుంట" అన్నాడు.

నేను వాదించాను. ఉగాది లోపు ఇంకో నాలుగుసార్లు వాదించాను కూడా. ఆ డబ్బు బ్యాంకులో వేస్తే వచ్చే వడ్డీ, దుకాణం మీద మిగిలేదానికన్నా ఎక్కువ. ఎక్సెల్ షీట్ చేసి చూపించాను. ఇప్పటికీ నా లెక్క అదే. ఆయన షీట్ అంతా ఓపిగ్గా చూసి, "ఓడల ఉన్నోళ్లు ఎక్కడికి పోతరు, దిగలేరు కాబట్టి కొంటరు. నా దగ్గరికి మలక్‌పేట నుంచి బస్సెక్కి వస్తరు" అన్నాడు. దీనికి ఎక్సెల్‌లో గడి లేదు.

ఏప్రిల్‌లో కాగితాలు రాసుకున్నారు. కిరాయి పెరిగింది. దుకాణం రాత్రి తొమ్మిదిన్నరకి బదులు ఎనిమిదికి కడుతున్నారు. ఇంకొకటి, ఆదివారం గిరాకీ రోజు కాబట్టి బుధవారం అన్నకి జీతంతో సెలవు అన్నాడు నాన్న. ఇరవై రెండేళ్లలో వారపు సెలవు అదే మొదటిది. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలి సేఠ్ అని అన్న నాలుగు రోజులు బతిమాలాడట, నాన్న వినలేదు.

మొదటి బుధవారం పొద్దున పదకొండింటికి నేను స్టాండప్ మీటింగ్‌లో ఉంటే నాన్న ఫోన్. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. అన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి దుకాణం ఎదురుగా నిలబడి చాయ్ తాగుతున్నాడట. గిరాకీ ఎక్కువుంది, ఒక్క నిమిషం లోపలికొచ్చి పైఅరలోంచి నెమలికంఠం రంగు లైనింగ్ తీసిపెట్టరా అంటే, ఇయ్యాల నాకు సెలవు సేఠ్, రేపొస్త అన్నాడట.